టికెట్ సొమ్ము కథకు చేరిన చోట

నార్వే దర్శకుడు డాగ్ యోహాన్ హౌగెరుడ్ 2025 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ గెలుచుకున్నారు. మే నెలలో కేన్స్‌ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి అదే దేశానికి చెందిన యోకిమ్ ట్రియర్‌కు దక్కింది. స్వీడన్ దర్శకుడు రూబెన్ ఓస్ట్‌లుండ్ 2017లోనూ 2022లోనూ కేన్స్‌లో అత్యున్నతమైన పామ్ డోర్ అందుకున్నారు. డెన్మార్క్ చిత్రం ‘అనదర్ రౌండ్’కు 2021లో ఆస్కార్ వచ్చింది. ఈ మూడు దేశాలకు ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌లను కలిపినా (ఈ అయిదింటినీ నార్డిక్ దేశాలంటారు) జనాభా మూడు కోట్లకు చేరదు. అంత చిన్న మార్కెట్‌లో సినిమా బతికి బట్టకట్టడమే గొప్ప.

మంచు, చీకటి, ఒంటరితనం వల్లే అక్కడి సినిమాలు అలా ఉంటాయన్న మాట తరచూ వినిపిస్తుంది. మంచు కెనడాలోనూ కురుస్తుంది. నార్డిక్ సినిమా ప్రపంచానికి ఇచ్చింది వాతావరణం కాదు, తెగువ. 1995లో డెన్మార్క్ దర్శకులు లార్స్ వాన్ ట్రియర్, థామస్ వింటర్‌బెర్గ్ కలిసి ‘డాగ్మె’ నియమాలు ప్రకటించారు: సెట్లు వద్దు, ప్రత్యేక దీపాలు వద్దు, కెమెరా చేతిలోనే ఉండాలి, దర్శకుడి పేరు వేయకూడదు. ఆ నియమాలతో వింటర్‌బెర్గ్ తీసిన తొలి చిత్రం 1998లో వచ్చింది. తండ్రి అరవయ్యో పుట్టినరోజు విందు. పెద్ద కొడుకు గ్లాసు ఎత్తి, చిన్నప్పుడు తనపైనా, ఇటీవలే చనిపోయిన తన కవల సోదరిపైనా తండ్రి చేసిన అత్యాచారాన్ని బంధువులందరి ముందూ చెబుతాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం, అంతే. విందు మళ్లీ సాగిపోతుంది. ఇళ్లలో వాడుకునే చిన్న వీడియో కెమెరాతో దీన్ని తీశారు. భారీ పెట్టుబడి లేకున్నా సినిమా తీయవచ్చని కొరియా నుంచి అర్జెంటీనా దాకా యువ దర్శకులకు ధైర్యం వచ్చింది. అక్కడివారూ డాగ్మె ముద్రతో చిత్రాలు తీశారు.

హాలీవుడ్ కూడా అక్కడి కథలను అరువు తెచ్చుకుంటోంది. ‘ద గిల్టీ’, ‘ఎ మ్యాన్ కాల్డ్ ఓవె’ అమెరికాలో మళ్లీ తయారయ్యాయి. ఓస్ట్‌లుండ్ 2014 చిత్రంలో మంచు చరియలు విరిగి మీదికి వస్తుంటే భర్త భార్యాపిల్లలను వదిలేసి, ఫోను, చేతితొడుగులు పట్టుకుని పరుగు తీస్తాడు. దాన్నీ 2020లో అమెరికన్లు తిరిగి తీశారు గానీ ఆ పదును రాలేదు.

ఇదంతా ఎలా సాధ్యమైంది? స్వీడన్ 1963లో సినిమాలపై వినోదపు పన్ను ఎత్తివేసింది. దానికి బదులు ప్రతి టికెట్ మీద పది శాతం సొమ్మును కొత్తగా పెట్టిన స్వీడిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు మళ్లించింది. ప్రేక్షకుడు కట్టిన సొమ్ము మళ్లీ సినిమాకే చేరింది. డెన్మార్క్‌లో స్క్రిప్టు చదివి నిధులకు సిఫారసు చేసే బాధ్యతను కమిటీకి కాకుండా ఒక్కొక్క నిపుణుడికి అప్పగించారు. పదిమంది ఒప్పుకునే కథ చాలాసార్లు చప్పగా ఉంటుంది; ఒకరు పట్టుబట్టి నిలబడే కథకు అక్కడ చోటు దొరికింది. ప్రభుత్వ సాయంలో నాలుగో వంతు పిల్లల, యువత చిత్రాలకే ఇవ్వాలని డెన్మార్క్ చట్టమే చెబుతుంది. 1990 నుంచి అయిదు దేశాలూ ఉమ్మడి నిధి నడుపుతున్నాయి. డెన్మార్క్ పద్ధతిలో ఆ ఒక్క నిపుణుడి అభిరుచి ఇరుకైతే కొత్తవారికి తలుపులు మూసుకుంటాయన్న విమర్శను కొట్టిపారేయలేం. ఓటీటీల మీద ఆశ పెట్టుకోవడమూ ప్రమాదమే: 2022లో హెచ్‌బీఓ మ్యాక్స్ నార్డిక్ దేశాల్లో సొంత నిర్మాణాలు ఆపేసింది. అయినా అక్కడి పరిశ్రమ కుప్పకూలలేదంటే ప్రభుత్వ నిధి కాలికింద నేలలా ఉన్నందువల్లే.

తెలుగు సినిమాకు డబ్బు కొరత లేదు, ప్రేక్షకుల కొరత అసలే లేదు. కానీ పెద్ద చిత్రం విడుదలైనప్పుడల్లా టికెట్ ధర పెంచుకునేందుకు ఉత్తర్వులిచ్చే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, పెరిగిన ఆ సొమ్ములో ఒక్క రూపాయి అయినా తొలి చిత్రం తీయబోయే దర్శకుడికి చేరేలా షరతు పెట్టడం లేదు. అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి ఏళ్ల తరబడి వేదికైన నగరం హైదరాబాద్. దాన్ని నిర్వహించిన బాలల చిత్ర సమితిని కేంద్రం 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేసింది. తెలుగులో పిల్లల కోసం తీసే సినిమాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టికెట్ ధర పెంపు ఉత్తర్వు మళ్లీ వచ్చేలోగా, పెంచిన మొత్తంలో నిర్ణీత వాటాను కొత్తవారి కథలకు, బాలల చిత్రాలకు కేటాయించే నిబంధనను అమరావతి, హైదరాబాద్ రెండూ అందులో చేర్చాలి. ఆ నిధిని ఎవరికి ఇవ్వాలో తేల్చే పని మాత్రం నిర్మాతల మండలికీ మంత్రుల పేషీకీ అప్పగించకూడదు.