వంట మిగిలింది, వండినావిడ పేరు పోయింది

పాలమూరు వాళ్లకి మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు కొత్తేమీ కాదు. జడ్చర్లలో ఎంబీ ఆసుపత్రి ఉంది, ఆ చుట్టుపక్కల బోలెడన్ని ఎంబీ చర్చిలున్నాయి. ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రెదరెన్. కెనడాలోని మానిటోబాకి వచ్చిన మన తెలుగువాళ్లలో మిగతావాళ్లకి మాత్రం వీళ్లు తెలిసింది తిండి వల్లే: సూపర్ మార్కెట్లో ఫార్మర్ సాసేజ్, పనీర్ లాంటి కాటేజ్ చీజ్ కూరి ఉడికించే వరేనికి, కొత్త సంవత్సరానికి కిస్‌మిస్ వేసి నూనెలో వేయించే పోర్ట్‌సెల్కీ.

ఆయుధం పట్టబోం అన్నది వీళ్ల పట్టుదల, చాలావరకు అదే వీళ్లని ఊరూరా తిప్పింది. నెదర్లాండ్స్ నుంచి ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది డెల్టాకి, అక్కణ్నుంచి 1789లో అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న ఇప్పటి ఉక్రెయిన్‌కి, రష్యా ప్రభుత్వం సైన్యంలో చేరాల్సిందే అనేసరికి 1874 నుంచి మానిటోబాకీ కాన్సస్‌కీ, విప్లవమూ కరువూ చూశాక 1920లలో ఇంకో ఇరవై వేల మంది కెనడాకి. బోర్ష్ సూపు, వరేనికి, ఈస్టర్‌కి చేసే పాస్కా రొట్టె ఉక్రెయిన్‌లో ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నవే. మరి అది వాళ్ల సంప్రదాయం ఎలా అయిందంటారా? పోర్చుగీసువాళ్లు మిరపకాయ తేకముందు మన ఎర్రటి ఆవకాయ ఎక్కడుంది?

వీటిలో నాకు అన్నిటికంటే నచ్చేది స్వీబాక్. పెద్ద బన్ను మీద చిన్న బన్ను కూర్చోబెట్టి కాలుస్తారు, పైముద్దని వేలితో గట్టిగా నొక్కకపోతే ఓవెన్లో పక్కకి ఒరిగిపోతుంది. ఆదివారం వంట పెట్టుకోకుండా శనివారమే చేసి ఉంచుతారు, మధ్యాహ్నం ఎవరొచ్చినా కాఫీ, జామ్, చీజ్‌తో పెట్టేస్తారు, ఆ ఫలహారాన్ని ఫాస్పా అంటారు. అదే బన్నుని మళ్లీ ఓవెన్లో పెట్టి గట్టిగా ఎండబెడితే చాలాకాలం పాడవదు కాబట్టి, రష్యా వదిలి వచ్చేటప్పుడు దారి తిండికి సంచుల్లో నింపుకుని బయల్దేరారు. ఇంత కథ తెలియనివాడికి అది ఉత్త ఎండు రొట్టె.

వంటలు పుస్తకానికెక్కించడంలో వాళ్లు మనకంటే చాలా ముందున్నారు, చర్చి మహిళలంతా కలిసి తలా ఒక వంట ఇచ్చి అచ్చు వేయించారు. కానీ పాత పుస్తకాల్లో వంట కింద చాలాచోట్ల 'మిసెస్' అని పెట్టి మొగుడి పేరే ఉంటుంది. పొద్దున్నుంచి పిండి పిసికింది ఆవిడ, పేరేమో ఆయనది!

మనం మాత్రం తక్కువ తిన్నామా? 'అమ్మమ్మ చేతి పప్పుచారు' అని ఘనంగా రాస్తాం, ఆ అమ్మమ్మ పేరేంటి అని పిల్లల్ని అడిగితే నీళ్లు నములుతారు. పైగా మన తెలుగు సంఘం సంచికల్లో ఎప్పుడు చూసినా బొబ్బట్లు, పూతరేకులు, పులిహోరే. జొన్న గటక రాదు, బోటి కూర రాదు, కరువొచ్చినప్పుడు ఏం తిన్నారో అసలే రాదు. మెన్నోనైట్లు తమ కష్టకాలపు రొట్టెని గర్వంగా టేబుల్ మీద పెడుతుంటే మనం పెళ్లి భోజనం ఒక్కటే మన వంట అన్నట్టు ప్రవర్తిస్తున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

కొలతలు యూట్యూబ్ చూసుకుంటుంది లెండి. వచ్చే ఉగాది సంచికకి వంట పంపేవాళ్లు వండినావిడ సొంత పేరు, ఊరు, ఇంట్లో ఆ వంట ఎప్పుడు చేసేవాళ్లో, ఎందుకు చేసేవాళ్లో నాలుగు ముక్కలు కలిపి పంపండి. చారెడు, గిద్దెడు అని రాసినా ఫర్వాలేదు. ఒక్క గోంగూరకే యాభై ఉత్తరాలొస్తే యాభయ్యీ వేద్దాం, చోటు చాలకపోతే కమిటీ సభ్యుల ఫొటోలు రెండు పేజీలు తగ్గించుకోవచ్చు.