కొండకు దారి చెప్పే ఊరు, తల్లికి చెప్పదేం?

రాత్రి రెండు గంటలకు తిరుపతి స్టేషన్లో దిగిన బీహార్ కుటుంబాన్ని ఒకసారి గమనించండి. తెలుగు రాదు, ఊరు కొత్త. అయినా తెల్లారేసరికి కొండ మీద ఉంటారు. స్టేషన్ ఎదురుగానే విష్ణునివాసం. టోకెన్ల లైనుకో బోర్డు, బస్సుకో బోర్డు, తలనీలాలు ఎక్కడివ్వాలో నాలుగైదు భాషల్లో మైకు మోత. రోజుకు అరవై డెబ్బై వేల మంది కొత్తవాళ్లకు దారి చూపడం ఈ ఊరికి వెన్నతో పెట్టిన విద్య.

ఇదే ఊళ్లో పుట్టి పెరిగిన మా చెల్లెలు, మూడేళ్ల కొడుక్కి ఆటిజం (మాటలు రావడంలో, నలుగురితో కలవడంలో ఇబ్బంది తెచ్చే ఎదుగుదల తేడా) అని రాసిచ్చిన కాగితంతో ఆసుపత్రి మెట్లు దిగి, ఆటో అతను "ఎక్కడికమ్మా" అంటే జవాబు చెప్పలేకపోయింది. లీలామహల్ సర్కిల్లో దిగేసి నాకు ఫోన్ చేసింది. "ఇప్పుడేం చేసేదన్నా?" నాకూ తెలీదు. పాతికేళ్లుగా వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి, ఆ రోజు నా దగ్గర ఒక్క ఫోన్ నంబరు లేదు.

ఆటిజం అని చెప్పిన రోజే, ఆ తర్వాత ఏం చేయాలో తెలుగులో చెప్పి పంపడం ఆ చెప్పినవాళ్ల బాధ్యత. నేననేది అంతే. ఇది మందుతో పోయే జబ్బు కాదు కదా అంటారు. నిజమే, కాదు. అందుకే చెప్పాల్సిన మాటలు ఇంకా ఎక్కువ.

మా చెల్లెలి చేతికొచ్చిన కాగితం మీద ఒక అంకె ఉంది, 112. మన దేశంలో ఆటిజం కొలిచే ఐఎస్ఏఏ అనే 40 అంశాల పట్టిక సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలోనే తయారైంది. అందులో 70 నుంచి 106 దాకా వస్తే స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. పక్కింటి సికింద్రాబాద్‌లో పుట్టిన కొలత అది. అయినా ఎక్కువ మార్కులొస్తే మంచిదో, తక్కువొస్తే మంచిదో కూడా తెలీకుండా మూడు నెలలు ఆ అంకెను చూసుకుంటూ కూర్చుంది.

ఎవరూ చెప్పని చోట చెప్పేవాళ్లు చాలామంది పుట్టుకొస్తారు. ముందు అత్తగారు వస కొమ్ము అరగదీసి నాకించింది. వాళ్ల నాన్నకీ నాలుగేళ్లు దాటాకే మాటలొచ్చాయని సర్దిచెప్పింది. బోయకొండ గంగమ్మకు మొక్కుకుంది. (వస మోతాదు మించితే పిల్లలకు చెరుపు చేస్తుందని డాక్టర్లంటారు, ఆమెకదీ ఎవరూ చెప్పలేదు.) ఆ పెద్దావిడ మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ తర్వాత వచ్చినవాళ్ల మీద. ఆర్నెల్ల ప్యాకేజీ తీసుకోండి, పిల్లాడు నార్మల్ అయిపోతాడు అన్నవాడొకడు. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే మాటలొస్తాయన్నవాడు ఇంకొకడు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. ఆ మాట మా చెల్లెలికి చేరేలోపే చెవి గొలుసులు తాకట్టులోకి వెళ్లాయి. అడ్వాన్సు కట్టే ముందు రోజు ఆగింది, అదీ ఎవరో చెబితే.

అలిపిరి దగ్గర జీపు మాట్లాడుకునేటప్పుడు కూడా బండి నంబరు చూస్తాం. స్పీచ్ థెరపిస్టుకూ, స్పెషల్ ఎడ్యుకేటర్‌కూ భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరుండాలని 1992 చట్టం చెబుతోంది. ఆ నంబరు అడగండి అని ఏ ఆసుపత్రి గోడ మీదైనా రాసి ఉండగా చూశారా?

ఇంత కోపం ఎందుకంటే, సాయం లేక కాదు. ఉంది, కానీ తలో దిక్కునా పడి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి సత్వర గుర్తింపు కేంద్రాలున్నాయి, అక్కడ థెరపీకి డబ్బు అక్కర్లేదు. ప్రత్యేక అవసరాలున్న బడి పిల్లలకు సమగ్ర శిక్ష పథకం నడిపే భవిత కేంద్రాలు, అందులో ఐఈఆర్పీలనే ప్రత్యేక టీచర్లు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతమో అంతకు మించో ఉందని సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువు చెప్పించుకునే హక్కుంది. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్, నిరామయ అనే ఆరోగ్య బీమా కింద లక్ష రూపాయల వరకు ఇస్తుంది, థెరపీ ఖర్చులో కొంత కూడా అందులో వస్తుంది. పిల్లాడికి 18 నిండాక సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీకి అధ్యక్షుడు సాక్షాత్తూ కలెక్టరు.

ఇవి మా చెల్లెలికి ఎలా తెలిశాయో చెబితే నవ్వొస్తుంది. భవిత కేంద్రం సంగతి థెరపీ గది బయట బల్ల మీద కూర్చున్న శ్రీకాళహస్తి అమ్మాయి చెప్పింది. నిరామయ సంగతి రేణిగుంట ప్యాసింజర్లో ఎదురు సీటావిడ చెప్పింది. సర్టిఫికెట్ సంగతి వార్డు సచివాలయంలో వేరే పని మీద వెళితే తెలిసింది. అన్నీ తెలిసేసరికి రెండేళ్లు గడిచాయి. మెదడు వేగంగా ఎదిగే వయసులో రెండేళ్లు.

డాక్టర్ల వైపు నుంచీ ఒక మాట ఉంది. ఓపీలో వంద మంది ఎదురుచూస్తుంటే ఒక్కరికి గంటసేపు చెబుతూ కూర్చోలేం, ఈ రోజుల్లో సమాచారానికి కొదవేముంది, యూట్యూబ్ నిండా వీడియోలే అంటారు. టైము లేదన్నది ఒప్పుకుంటాను. వీడియోల మాట మాత్రం ఒప్పుకోను, స్టెమ్ సెల్స్ వాడు మా ఇంటికొచ్చింది ఆ దారినే.

డాక్టరుకు తీరిక లేకపోతే చెప్పడానికి ఇంకొకరిని పెట్టాలి. ఎవరిని? ఆ దారిలో అయిదేళ్లు నడిచిన తల్లిని. జీతం ఇచ్చి, కుర్చీ వేసి, ఆసుపత్రి లోపలే. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. హెచ్ఐవీ రోగులకు మందులిచ్చే ఏఆర్టీ కేంద్రాల్లో కేర్ కోఆర్డినేటర్‌గా ఆ వైరస్‌తో జీవిస్తున్న మనిషినే నియమిస్తున్నారు, ప్రభుత్వమే జీతమిస్తోంది. "నేనూ ఇక్కడే కూర్చుని ఏడ్చాను, లే" అనగలిగే మనిషి మాట వేరు. అక్కడ పనికొచ్చిన పద్ధతి ఆటిజం దగ్గరికొచ్చేసరికి ఎందుకు గుర్తురాదు? చిత్తూరోళ్లకు తలనొప్పొచ్చినా వేలూరే కదా. అదే వేలూరులో, బాగాయంలో సీఎంసీ ఆసుపత్రి వాళ్ల నంబిక్కై నిలయం ఉంది. అక్కడ పిల్లాడితో పాటు తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి నేర్పుతారు. వాళ్ల తమిళం అర్థమయ్యేంత మన చిత్తూరోళ్లకు వచ్చు, అదృష్టం.

తమిళం అన్నాను కాబట్టి, భాష సంగతీ మాట్లాడాల్సిందే. థెరపీ అని మా మేనల్లుడికి మొదటి నెల ఏం నేర్పారో తెలుసా? ఆపిల్, బాల్, క్యాట్. ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లిష్ అయితే రేపు బడికీ పనికొస్తుంది అన్నారు. వాడు ఎనిమిది నెలలకు "వాటర్" అన్నాడు. అవ్వకు అర్థం కాలేదు. "నీళ్లు కావాల్నా నాయనా" అని ఆవిడ అడిగితే వాడికి అర్థం కాలేదు. అసలే మాటలు తక్కువున్న బిడ్డకు, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో మాటలు నేర్పడాన్ని ఏమనాలి? రెండు భాషల మధ్య పెరగడం ఆటిజం ఉన్న పిల్లలకు చేటు చేస్తుందని పరిశోధనల్లో తేలలేదు. ఈ సలహా సైన్సు ఇచ్చింది కాదు, మన ఇంగ్లిష్ మీడియం పిచ్చి ఇచ్చింది. రిపోర్టు ఇంగ్లిష్‌లో, ఫ్లాష్ కార్డు ఇంగ్లిష్‌లో, చట్టం ఇంగ్లిష్‌లో. తిరుపతిలో తెలుగు కనబడేది దర్శనం బోర్డుల మీదేనా? మాటలు రాని పిల్లల దగ్గరికొచ్చినా ఈ ఇంగ్లిష్ పిచ్చి మనల్ని వదల్లేదు.

మా చెల్లెలు కార్డులన్నీ పక్కనపెట్టి చెంబు, గరిటె, చాప అని ఇంట్లో వస్తువులతోనే మొదలుపెట్టింది. ఇప్పుడు వాడు "అవ్వా, రా" అంటాడు. ఆమె నంబరు ఎలా పాకిందో కానీ పుత్తూరు నుంచి, నగరి నుంచి తల్లులు ఫోన్లు చేస్తారు. జీతం లేని ఆ ఉద్యోగం రాత్రి పదింటి దాకా నడుస్తోంది.

తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల కలెక్టర్లనూ అడిగేది ఒక్కటే. నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఎలాగూ మీరు కమిటీకి అధ్యక్షులు. వచ్చే సమావేశం ఎజెండాలో రెండు అంశాలు రాయండి. ఆటిజం అని రాసిచ్చే ప్రతి ఆసుపత్రిలో ఆ కాగితంతో పాటు తెలుగులో ఒక పేజీ. ఆ పేజీ అడుగున, అవతల ఒక తల్లి ఎత్తే ఫోన్ నంబరు.