ఎడమ ఎనిమిది, కుడి పది

మా ఆఫీసులో నన్ను ‘సరదా మనిషి’ అంటారు. ఆ మాటలో మెచ్చుకోలు పాలెంతో, ‘పని చెయ్యడు’ అనే అర్థం పాలెంతో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. సరదాగా ఉండటానికి నేను పడే పాట్లలో సగం ఫైళ్ళ మీద పడి ఉంటే ఈపాటికి రెండు ప్రమోషన్లు వచ్చేవి.

మీరే చూడండి. జనవరి 1న హైదరాబాదు నాంపల్లిలో నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, మొదలవుతుంది. ఫిబ్రవరి 15 దాకా, అంటే 46 రోజులు. కొనేదేమీ లేకపోయినా కనీసం నాలుగు సాయంత్రాలు అక్కడి దుమ్ము తినాలి. ఆ దగ్గు తగ్గేలోపు శివరాత్రి. జాగారం పేరుతో వరసగా మూడు సినిమాలు చూడటం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. ఆ పుణ్యంలో శివుడికి ఏ వాటా లేదని మా ఆవిడ ఏటా గుర్తుచేస్తుంది. ఆ నిద్ర తీరీ తీరకముందే ఉగాది, దాని వెంటే శ్రీరామనవమి పందిళ్ళు, తొమ్మిది రోజుల కచేరీలు. వినాయక చవితికి ఖైరతాబాదు వరసలో నిలబడాలి. మధ్య మధ్య చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, రవీంద్రభారతి ఎలాగూ ఉన్నాయి. ఆహ్వానపత్రం మీద ‘ప్రవేశం ఉచితం’ అని కనబడితే చాలు, మిగతాది చదవను. అలా ఒకసారి సంతాప సభకు వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను. ఇద్దరు మాట్లాడి కూర్చున్నాక గానీ వీణ ఇక రాదని నాకు అర్థం కాలేదు.

సినిమాలకైతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. మేముండే నల్లకుంట నుంచి ఆటోలో ఎంతో దూరం కాదు. అక్కడి హాళ్ళంటే నాకు అభిమానం. దేవి 70 ఎంఎం, సుదర్శన్ 35 ఎంఎం అని ఇప్పటికీ కొలతలతో సహా పిలుస్తాం. రీళ్ళు పోయాయి, కంప్యూటర్ లోంచి బొమ్మ పడుతోంది, అయినా మిల్లీమీటర్లు మాత్రం పోలేదు. కొలతల ప్రసక్తి ఎందుకు తెచ్చానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొన్న నవమి నవరాత్రుల్లో శుక్రవారం నాడు నేనొక కాగితం మీద ఇలా రాసుకున్నాను: 6.30కి గుళ్ళో కచేరీ. 9.45కి పెద్ద హీరో కొత్త సినిమా, రెండో ఆట. ఒంటిగంటకు బయటపడి టీ. తెల్లవారుజామున మూడింటికి నాంపల్లి వైపు బండి మీద పొగలు కక్కే ఇడ్లీ. మా ఆవిడ ఆ కాగితాన్ని కరెంటు బిల్లు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులో నిద్ర ఎక్కడండీ?”

“ఎక్కడో ఒకచోట కుదురుతుందిలే” అన్నాను. అదొక్కటే అనుకున్నట్టు జరిగింది.

గుడికి వెళ్ళేటప్పుడు చెప్పుల విషయంలో నాకొక సిద్ధాంతం ఉంది. మూడు జతలు పోగొట్టుకుని సంపాదించిన జ్ఞానం అది. రెండు చెప్పులూ ఒకేచోట విడవకూడదు. ఎడమది ఒకచోట, కుడిది మరోచోట పెట్టాలి. ఒంటి చెప్పును దొంగ కూడా ముట్టుకోడు. ఆ రోజూ అలాగే ఎడమ చెప్పు వేపచెట్టు మొదట్లో దాచి, కుడిది పందిరి అవతలి కొసన నీళ్ళ డ్రమ్ము వెనక్కి తోసి, ఇక దేవుడి మీద భారం వెయ్యనక్కర్లేదన్న ధీమాతో మూడో వరసలో కూర్చున్నాను.

కచేరీ 6.30కి అన్నారు కానీ, ఆ సమయానికి మొదలైంది ఉపన్యాసాలు. పందిరి వేసినవారికి శాలువా, పందిరికి స్థలం ఇచ్చినవారికి శాలువా, శాలువాలు ఇచ్చినవారికి శాలువా. ఏడూ ఇరవైకి వర్ణం ఎత్తుకున్నారు. గాయకుడు మంచి విద్వాంసుడు, తొందర లేని మనిషి. కాంభోజి ఆలాపన మొదలుపెట్టేసరికి ఎనిమిదిన్నర. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కి, ప్రతి మెట్టు మీదా కూర్చుని సేదతీరుతున్నాడు. నేను మాత్రం గడియారం చూడటం పక్కవాళ్ళకు కనబడకుండా చెయ్యి తాళం వేస్తున్నట్టు తిప్పుతున్నాను. కీర్తన, నెరవు, స్వరకల్పన అయి తని ఆవర్తనం అందేసరికి 9.20.

తని ఆవర్తనం అంటే తెలియనివారికి ఒక మాట. గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు ఊరుకుంటారు. మృదంగం, ఘటం వాళ్ళిద్దరే పదిహేను ఇరవై నిమిషాలు వాయిస్తారు. విద్వత్తంతా అక్కడే తెలుస్తుంది. సభలో సగం మంది కాఫీకి లేచేది కూడా అక్కడే. ఆ సగంలో కలిసి నేనూ లేచాను. గుమ్మం దగ్గర ఎవరో చేతిలో వడపప్పు పొట్లం పెట్టారు. వేపచెట్టు కింద ఎడమ కాలు, డ్రమ్ము వెనక చీకట్లో కుడి కాలు దూర్చేసి, దొరికిన ఆటో ఎక్కేశాను.

హాలు దగ్గర దిగి నడుస్తుంటే ఏదో తేడాగా ఉంది. కుడి కాలు వేసినప్పుడల్లా చెప్పు ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. కాలు ముందు వెళుతోంది, చెప్పు వెనక నుంచి ‘పటక్’ అని హాజరు వేయించుకుంటోంది. చెప్పు వదులైందా, పాదం చిక్కిందా అని ఆలోచించాను. యాభై దాటినవాడికి ముందు రెండోదే తోస్తుంది. చక్కెర ఎక్కువైతే ఒక్క పాదమే చిక్కిపోతుందా, సోమవారం డాక్టరును అడగాలి అనుకుంటూ తనిఖీ వరస దాకా వచ్చాను.

అక్కడ కాపలా ఉన్నాయన నా జేబులు తడిమి పొట్లం పైకి తీశాడు.

“బయటి తిండి లోపలికి తేకూడదు సార్.”

“తిండి కాదయ్యా, ప్రసాదం. రాములవారి వడపప్పు.”

ఆయన ముఖంలో ఉద్యోగానికీ భక్తికీ కాసేపు పోట్లాట జరిగింది. భక్తే గెలిచింది. టోపీ తీశాడు. బూట్లు విప్పాడు. కుడి చెయ్యి చాపి, నా కాళ్ళ వంక చూసి, “మీరు కూడా విప్పి ఇవ్వండి సార్, ప్రసాదం కదా” అన్నాడు. వెనక వరసలో కుర్రాళ్ళు సినిమా మొదలైపోతోందని అరుస్తుండగా, ట్యూబులైటు కింద ఇద్దరం వట్టికాళ్ళతో నిలబడ్డాం. ఆయన చెంచాడు వడపప్పు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. “మిగతాది ఇక్కడే పెట్టి వెళ్ళండి. రూలు రూలే” అన్నాడు. పొట్లం ఆయన బల్ల సొరుగులోకి వెళ్ళింది.

నేను వాదించే స్థితిలో లేను. కిందికి చూస్తున్నాను. రెండూ గోధుమ రంగువే. రెండింటికీ ఒకే తీరు పట్టీలు. కోఠిలో కుప్పలుగా అమ్మే రకం, ఊళ్ళో ప్రతి మూడో మగవాడి కాలికీ కనబడేవి. కానీ ఎడమదాని మడమ దగ్గర 8 అని ఉంది. కుడిదాని మీద 10.

వెనక్కి వెళ్ళాలా, లోపలికి వెళ్ళాలా? వెనక్కి వెళ్ళమంది మనస్సాక్షి. టికెట్టు డబ్బు తిరిగి రాదంది ఫోను. లోపలికే వెళ్ళాను. మెట్లెక్కుతుంటే ఒక సంగతి తట్టింది. ఎడమ కాలు ఎనిమిది, అంటే ఎనిమిది అక్షరాల ఆది తాళం. కుడి కాలు పది, అంటే పది అక్షరాల మిశ్ర ఝంపె తాళం. లెక్కప్రకారం రెండూ మళ్ళీ సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, కలిసేది నలభై అక్షరాలు పూర్తయ్యాకే. తని ఆవర్తనం వదిలేసి వచ్చినందుకు అది నా కాళ్ళకిందే మొదలైందన్నమాట.

సినిమా గురించి చెప్పాల్సింది తక్కువ. హీరో ఒక తలుపు బద్దలుకొట్టుకుని వచ్చాడు. హాలంతా కాగితం ముక్కల వాన. ముందు వరసలవాళ్ళు కుర్చీల మీదా, వెనక వరసలవాళ్ళు ముందువాళ్ళ భుజాల మీదా ఎగురుతున్నారు. నేను చెప్పులు విడిచి బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. విశ్రాంతి దాకా బాగానే చూశాను. తరవాత హీరోగారు పగ తీర్చుకోవడానికి ఊరికి బయలుదేరటం గుర్తుంది. తిరిగి వచ్చాడో లేదో నాకు తెలియదు.

దీపాలు వెలిగాక ఎవరో భుజం తట్టారు. కాలితో కింద తడిమాను. పదో నంబరు తగిలింది. ఎనిమిది లేదు. కాగితాల గుట్టలో వంగి వెతికాను, ముందు వరస కిందకు దూరాను. పోతే పరాయి చెప్పు పోవాలి, పదిలంగా ఉంటే నాది ఉండాలి. నా సరుకు ఎప్పుడూ ఇంతే. “సార్, గేట్లు వెయ్యాలి” అంటున్నారు. ఆ కాగితాల వానలో ఒక కాలికి చెప్పు, ఒక కాలికి హీరోగారి బొమ్మ అతుక్కున్న కాగితంతో బయటికి వచ్చాను. ఇడ్లీ మాట తలవకుండా ఆటో ఎక్కాను.

తలుపు తీసిన మా ఆవిడ ముఖం చూడలేదు, నేరుగా కాళ్ళు చూసింది. ఆడవాళ్ళకు అది ఎలా తెలుస్తుందో!

“ఒక్కటే ఉంది” అంది. మరికాస్త వంగి చూసి, “అదీ మీది కాదు” అంది.

మర్నాడు సాయంత్రం స్నానాలగది స్లిప్పర్లు తొడుక్కుని, పదో నంబరును పాత దినపత్రికలో పొట్లం కట్టి పందిరికి వెళ్ళాను. ఎవరూ చూడకుండా డ్రమ్ము వెనక పెట్టేసి రావాలని నా పథకం. అక్కడ అప్పటికే ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆరడుగుల మనిషి, ఖద్దరు లాల్చీ, చేతిలో ప్లాస్టిక్ సంచి. నా చేతిలో పొట్లం ఆకారం చూశారు. నేను ఆయన సంచి ఆకారం చూశాను.

“ఎనిమిదో నంబరు మీరేనా?” అన్నారు.

“అవునండీ. తమరు పదో...?”

“నిన్న తని మొదలవగానే మూడో వరసలోంచి లేచి పోయింది మీరే కదూ? చూశాను. ఈయనకు ఏమొచ్చింది పోయేకాలం అనుకున్నాను. పోయింది నా చెప్పని తరవాత తెలిసింది.”

పొట్లాలు మార్చుకున్నాం. ఆయన నిన్నటి రాత్రిని విడమరిచి చెప్పారు. మంగళం పాడేశారట. పానకం బిందెలు కడిగేశారట. జనం ఎవరి చెప్పులు వారు తొడుక్కుని వెళ్ళిపోయారట. “చివరికి పందిట్లో నేనూ, మీ చెప్పూ, మైకు తీగలు చుట్టే కుర్రాడూ మిగిలాం. దూర్చి చూశాను. నా బొటనవేలు కూడా పట్టలేదు.”

“మరి మీ ఎడమ చెప్పు?” అన్నాను.

“వేపచెట్టు దగ్గర. రెండూ ఒకచోట విడవను. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఒంటి చెప్పును ఎవడు ఎత్తుకుపోతాడు చెప్పండి?” అని, తానేమన్నారో తనకే వినబడి నా వంక ఒక చూపు చూశారు.

ఆ సాయంత్రం ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తని ఆవర్తనం మొదలవగానే తన ఎడమ చెయ్యి నా తొడ మీద వేసి దానిమీదే తాళం వెయ్యసాగారు. పదో నంబరు పాదానికి తగ్గ అరచెయ్యి అది. లేవటం సంగతి అటుంచి, కదలటానికే వీల్లేకపోయింది. జీవితంలో మొదటిసారి తని ఆవర్తనం మొత్తం విన్నాను. బాగుంది. తొడ మాత్రం ఇంకా నొప్పిగానే ఉంది.

ఇప్పుడు నా దగ్గర సొంత కుడి చెప్పు ఉంది, ఎడమది లేదు. ఒంటి చెప్పును అటకమీద పెట్టబోతే మా ఆవిడ ఊరుకోలేదు. “జత కొని రెండు నెలలు కాలేదు. వెళ్ళి వెతుక్కు రండి” అంది. ఆదివారం మధ్యాహ్నం ఆటల మధ్య విరామంలో ఆ హాలుకు వెళ్ళాను. తనిఖీ దగ్గర ఆ కాపలా ఆయనే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, ఈ రోజు ప్రసాదం ఏమిటన్నట్టు జేబుల వంక చూశాడు. సంగతి చెబితే వెనక వైపు మెట్ల కింద హాలు ఊడ్చే తాతను అడగమన్నాడు.

తాత బీడీ ఆర్పి, “శుక్రవారం రెండో ఆటా?” అన్నాడు. అదేదో రైలు పేరు అడిగినట్టు అడిగాడు. “కొత్త సినిమా కదా బాబూ, చాలా వచ్చాయి” అంటూ మెట్ల కింది చిన్న తలుపు తీశాడు. లోపల నా నడుము ఎత్తున రెండు గోనెసంచులు, మూతులు బిగించి ఉన్నాయి.

“ఎడమదా, కుడిదా?” అన్నాడు.

“ఏం, ఎందుకు?”

“సంచులు వేరు.”