చిన్న గేరు మహాపరాధం

దూరాలు తొక్కే సైకిలిస్టుల్లో ఒక ఘోరం గుట్టుగా వ్యాపిస్తోంది. కొందరు ముందు, పెడళ్ళ దగ్గర, 34 పళ్ళ చెయిన్‌రింగు, వెనక 34 పళ్ళ చక్రం బిగించుకుని, అంత తేలిక గేరుతో కొండలెక్కేస్తున్నారు. పైకి చేరాక మోకాళ్ళు పట్టుకుని కూలబడరు సరికదా, నవ్వుతారు కూడా. ఎంతకాలం సహించాలి?

పౌరుషవంతుల లెక్క వేరు. ముందు 39, వెనక 25. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 3.3 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 50 చుట్లు తిప్పితే గంటకు పది కిలోమీటర్లు. మనిషి, సైకిలు, సంచులు కలిపి 85 కిలోలైతే, 8 శాతం ఎక్కుడులో దానికి దాదాపు 200 వాట్లు కావాలి. 34–34 పిరికివాడు 60 చుట్లు తిప్పుతూ గంటకు ఏడున్నర కిలోమీటర్లతో, 150 వాట్లతో సరిపెట్టుకుంటాడు. పొద్దున్నే మొదటి కొండ మీద 200 వాట్లు చాలామందే ఇస్తారు. 150 కిలోమీటర్లు తొక్కాక ఐదో కొండ మీద ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను టీవీలో చూడవచ్చు. మిగతావారు వేగం తగ్గించి గట్టెక్కుదామనుకుంటారు. పాపం, వేగం తగ్గినా ఒక్కో తొక్కుకు వేయాల్సిన బలం తగ్గదు. అది వాలును బట్టి, గేరును బట్టి ఉంటుంది. పిరికివాడి కంటే ఒకటిన్నర రెట్లు, మోకాలిచిప్ప సాక్షిగా.

ఈ ధర్మానికి పెద్ద దిక్కు టూర్ డి ఫ్రాన్స్ స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్. చెయిను‌ను ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే డిరైలర్‌ను పోటీ గడప తొక్కనివ్వలేదు. 1936లో ఆయన పగ్గాలు వదిలారు, 1937లో అది లోపలికొచ్చేసింది. ధర్మం ఒక్క ఏడాదైనా ఆగలేదు.

బరువు దగ్గర మాత్రం మనవాళ్ళు మహా నిక్కచ్చి. టైటానియం బోల్టులతో 20 గ్రాములు తగ్గిస్తారు. గంట పట్టే ఎక్కుడులో మిగిలేది సెకను లోపే. ఆపైన ముప్పావు లీటరు సీసాలు రెండూ నిండా నింపుకుని బయల్దేరతారు. పెద్ద క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) వద్దట, బరువట!

గేరు మార్చడానికీ ఒక సంప్రదాయం ఉంది. సైకిలు ఆగిపోబోతుండగా, ఒంటి బలమంతా పెడల్ మీద ఉన్నప్పుడే ముందు గేరు దించాలి. చెయిను చిన్న రింగు మీద కూర్చోకుండా లోపలికి జారి, ఫ్రేముకూ రింగుకూ మధ్య ఇరుక్కుంటుంది. బూటును పెడల్‌కు పట్టి ఉంచే క్లిప్పులోంచి పాదం ఊడేలోపు మనిషీ సైకిలూ ఇద్దరూ పక్కకు ఒరుగుతారు, చూసేవాళ్ళకు కన్నులపండుగ. పిరికివాళ్ళు ఎక్కుడు మొదలవడానికి ఇంకా పది మీటర్లు ఉందనగానే కాలు కాస్త సడలించి, ముందు చిన్న రింగుకు దించి, వెంటనే వెనక ఒకటి రెండు చిన్న చక్రాల మీదికి జరుపుతారు. లయ తెగదు. ఏం చూస్తాం అందులో?

అయినా భ్రష్టులవుతామంటే వారి ఇష్టం. క్యాసెట్ కొనేముందు డిరైలర్ ఎన్ని పళ్ళ దాకా మోస్తుందో చూసుకోవాలి. డిరైలర్ పైచక్రం క్యాసెట్ పళ్ళకు రాసుకుంటుంటే, దాన్ని దూరం జరిపే బి-స్క్రూ బిగించాలి. అన్నిటికన్నా ముఖ్యం చెయిను పొడవు. పొట్టిగా ఉంటే పెద్ద రింగు, పెద్ద చక్రం కలిసినప్పుడు బిగుసుకుని డిరైలర్‌ను, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్‌తో సహా పీకేస్తుంది. స్టాండు మీద ఆ జోడీకి చేత్తో నెమ్మదిగా మార్చి చూడాలి. పౌరుషవంతులకు ఈ బాధే లేదు, పెద్ద చక్రం మీదికి చెయిను ఎక్కించడమే వాళ్ళకు నామోషీ.