సవరణ: పడవ మీంచి దూకే లెక్కలో వేగం దేనితో పోల్చాలి

భావనపాడు తీరంలో నిలిచి ఉన్న పడవ మీంచి మనిషి ఒడ్డుకు దూకితే, పడవ సెకనుకు 0.86 మీటర్ల వేగంతో వెనక్కి పోతుందని క్రితం పోస్టులో ఉంది. సరైన జవాబు 0.6 మీటర్లు.

మనిషి 60 కిలోలు, పడవ 140 కిలోలు, దూకిన వేగం 2 మీటర్లు. అంకెలు అవే. కానీ ఆ 2 మీటర్లు పడవతో పోల్చి ఇచ్చిన వేగం. ద్రవ్యవేగాల (ద్రవ్యరాశి × వేగం) మొత్తం సున్నా అని రాసేటప్పుడు రెండు వేగాలూ ఒడ్డుతో పోల్చినవే కావాలి. మనిషి, పడవ ఎదురు దిశల్లో పోతారు కాబట్టి మనిషి వేగం, పడవ వేగం కలిపితే 2; 60 × మనిషి వేగం = 140 × పడవ వేగం. పడవకు 0.6, మనిషికి 1.4 వస్తాయి. రెండు వైపులా 84 కాబట్టి సరిపోయింది. పాత లెక్కలో (60 × 2 ÷ 140) మనిషి పడవ నుంచి 2.86 మీటర్ల వేగంతో విడిపోవాలి, అది ఇచ్చిన అంకెకే విరుద్ధం. అసలు దేనితో పోల్చారో చెప్పని ప్రశ్న సగం ప్రశ్నే. పరీక్షల్లో ఇలాంటివి తక్కువేం కాదు.

చర్య, ప్రతిచర్య ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయన్న ఆ పోస్టులోని వాక్యాన్నీ కొట్టేయాలి. ఒకటి మనిషి మీద, రెండోది పడవ మీద పనిచేస్తాయి. రద్దయితే ఎవరూ కదలరు.

ఇంకొకటి: పడవ అడుగు ఇసుకకు ఆనినా, లంగరు తాడు బిగిసినా బయటి బలం వచ్చినట్టే. అప్పుడీ లెక్క చెల్లదు. వలలు, చేపలతో పడవ 540 కిలోలైతే మాత్రం చెల్లుతుంది, వెనక్కి పోయే వేగం 0.2 మీటర్లే.