మూడు వావ్‌లు కలిస్తే 18, 666 కాదు

వాట్సాప్‌లో పదే పదే తిరుగుతున్న మాట ఇది: "హీబ్రూ ఆరో అక్షరం వావ్ అంటే ఇంగ్లీషు డబ్ల్యూ. దాని విలువ 6. వెబ్ చిరునామాలో మూడు డబ్ల్యూలు ఉంటాయి, అంటే 666. ఇంటర్నెట్టే మృగం ముద్ర." (బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో ఒక మృగానికి చెప్పిన సంఖ్య 666.) ఇందులో వావ్ ఆరో అక్షరం కావడం, దాని విలువ 6 కావడం, చాలా వెబ్ చిరునామాల్లో మూడు డబ్ల్యూలు ఉండటం నిజం. మిగతాదంతా తప్పు. దీన్ని నమ్మి భయపడేవాళ్లు ఉన్నారు కాబట్టి వివరంగా చెప్పాలి.

ముందు లెక్క చూద్దాం. 6 పక్కన 6, దాని పక్కన మరో 6 పెడితే ఆరువందల అరవై ఆరు అయ్యేది స్థానవిలువ ఉన్న దశాంశ పద్ధతిలోనే. అది భారతదేశంలో పుట్టిన పద్ధతి. హీబ్రూ అక్షరసంఖ్యల్లో స్థానవిలువ లేదు. ఆలెఫ్ నుంచి తేత్ దాకా 1–9, యోద్ నుంచి సాదె దాకా 10–90, ఆపైన కోఫ్ 100, రేష్ 200, షీన్ 300, తావ్ 400. పక్కపక్కన ఉన్నవాటిని కూడాలి, అంతే. మూడు వావ్‌లు 6+6+6, అంటే 18. నిజానికి 18ని అలా కూడా రాయరు. యోద్ (10), హేత్ (8) రాస్తారు. ఆ రెండిటినీ తారుమారు చేసి, హేత్ ముందు పెట్టి చదివితే "సజీవం" అనే మాట వస్తుంది. యూదులు కానుకలూ విరాళాలూ 18 చొప్పున, 36 చొప్పున ఇవ్వడం అందుకే. ఇక 666 రాయాలంటే నాలుగు వేర్వేరు అక్షరాలు కావాలి: తావ్ 400, రేష్ 200, సామెఖ్ 60, వావ్ 6. వావ్ వచ్చేది ఒక్కసారే.

తర్వాత ఉచ్చారణ. ప్రాచీన హీబ్రూలో వావ్‌ను పెదవులు గుండ్రంగా చుట్టి పలికేవారు, ఇంగ్లీషు డబ్ల్యూలా. యెమెన్, ఇరాక్ యూదుల సంప్రదాయ పఠనంలో అది నిలిచింది. నేటి ఇజ్రాయెల్‌లో మాత్రం పై పళ్లు కింది పెదవికి తగిలే శబ్దం, అంటే ఇంగ్లీషు వి. తెలుగులో రెండింటినీ "వ"తోనే రాస్తాం కాబట్టి ఆ తేడా మన కంటికి ఆనదు. పైగా వావ్ చాలాచోట్ల హల్లే కాదు: పైన చుక్క పెడితే ఓ, మధ్యలో చుక్క పెడితే ఊ. యూదుల ధర్మగ్రంథం "తోరా" పేరులోని ఓ వావే. చుక్కలు లేని ఆధునిక రాతలో వాషింగ్టన్ లాంటి పేరును రెండు వావ్‌లతో మొదలుపెడతారు. ఆ లెక్కన ఒక్కో డబ్ల్యూ 12 కావాలి, మూడూ కలిపితే 36! ఇజ్రాయెల్‌లో వెబ్ చిరునామాలోని ఆ మూడింటినీ లాటిన్ అక్షరాలతోనే కొడతారు. హీబ్రూ కీబోర్డులో వావ్ ఉండేది ఇంగ్లీషు యు మీట మీద, డబ్ల్యూ మీట మీద కాదు.

"డబ్ల్యూ వావ్ నుంచే పుట్టింది కదా" అంటారు. ప్రాచీన ఫినీషియన్ల లిపిలోని వావ్ నుంచి దిగమ్మ, ఉప్సిలాన్ అనే గ్రీకు అక్షరాలు వచ్చాయి. వాటి నుంచి లాటిన్ ఎఫ్, యు, వి, వై, చివరికి డబ్ల్యూ. పుట్టుకే ప్రమాణమైతే ఎఫ్‌కీ వైకీ కూడా 6 విలువ ఇవ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యం: ప్రకటన గ్రంథం రాసింది గ్రీకులో. ఆ సంఖ్యను ప్రతుల్లో మాటల్లోనైనా రాశారు, లేదా మూడు వేర్వేరు అక్షరాలతోనైనా రాశారు: ఖీ 600, క్సీ 60, స్టిగ్మా 6. 6 విలువకు వాడే ఆ చివరి గుర్తు పాత దిగమ్మ రూపమే, అంటే వావ్ వారసత్వం. ఇక్కడా ఒక్కసారే. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 616 ఉంది. రెండో శతాబ్దపు క్రైస్తవ బిషప్ ఇరేనియస్‌కు ఆ పాఠం తెలుసు, ఆయన దాన్ని తోసిపుచ్చాడు. ఈ సంఖ్య ఎవరిని సూచిస్తుందంటే చాలామంది పండితులు చూపేది రోమన్ చక్రవర్తి నీరో పేరును. "నేరోన్ కేసర్" (నీరో చక్రవర్తి) అని హీబ్రూ అక్షరాల్లో రాస్తే నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, కోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200. కూడితే 666. లాటిన్ పద్ధతిలో "నేరో" అని చివరి నూన్ తీసేస్తే 616. ఈ లెక్కలో ఉన్న ఒకే ఒక్క వావ్ "రో"లోని ఓ.