జేజికి తెలిసిన అలుగు

చెన్నైలో కాపురముంటున్న తెలుగువాళ్ల ఇంటికి సెలవుల్లో చుట్టాలొస్తే ఒకరోజు మెరీనా, ఒకరోజు టీనగర్, మిగిలిన రోజు ఎగ్మోర్ మ్యూజియం. శుక్రవారం దానికి సెలవని తెలియక గేటు దాకా పోయి తిరిగొచ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురున్నారు. లోపలికి వెళ్లాక మనవాళ్ల కాళ్లు ముందు అమరావతి శిల్పాల వైపే నడుస్తాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించగా మద్రాసు చేరిన రాళ్లవి. ‘మనవి ఇక్కడెందుకున్నాయి’ అని ఒక పెద్దాయన కచ్చితంగా అంటాడు. ఆ కోపంలో తప్పేం లేదు. అయితే జంతువుల గ్యాలరీకి వచ్చేసరికి పిల్లల్ని లోపలికి పంపేసి పెద్దవాళ్లు బయట నీడ చూసుకుని కూర్చుంటారు. నా తగువు ఆ కూర్చోవడంతోనే.

పోయిన వేసవిలో మా అమ్మ సిద్ధవటం నుంచి వచ్చింది. కాళ్లనొప్పులని గొణుగుతూనే మాతోపాటు లోపలికి నడిచింది. మావాడికి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషూ తమిళమూ గడగడా చదువుతాడు, తెలుగు మాట్లాడతాడంతే. ఒక అద్దాల పెట్టె ముందు నిలబడి ‘పాంగోలిన్’ అన్నాడు. వెనకనుంచి మా అమ్మ, అంటే వాడి జేజి, ‘అలుగు గదరా అది’ అంది. ఆ తర్వాత పావుగంట మేం కదల్లేదు. చెదల కోసం పుట్టలు ఎట్లా తవ్వుతుందో, కుక్కలు మొరిగితే ఎట్లా ఉండ చుట్టుకుంటుందో, చుట్టుకున్నాక ఇద్దరు మగవాళ్లు లాగినా ఎందుకు విడిపోదో చేతులతో చేసి చూపించింది. ‘దాని పొలుసుకు డబ్బులిస్తారని ఎవడో చెప్పినాడు. ఆ తర్వాత మాకు కనపడనే లేదు. జేజి చెప్తోంది విను’ అని ముగించింది.

అలుగు పొలుసుల అంతర్జాతీయ వ్యాపారం మొత్తాన్నీ ఆపాలని దేశాలన్నీ కలిసి తీర్మానించింది 2016లో. ఆ సంగతి మా అమ్మకు తెలియదు. ఆ తీర్మానం ఎందుకు అవసరమైందో మాత్రం ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

మ్యూజియంకి జనం రావాలంటే కదిలే డైనోసార్లు, లైట్లు, సెల్ఫీ పాయింట్లు పెట్టాలని ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఈ ఆరాటం కొత్తదేం కాదు. 1851లో ఇదే మ్యూజియం మద్రాసు మ్యూజియంగా మొదలైనప్పుడు దాని బాధ్యతలు చూసిన సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ బాల్ఫోర్, నాలుగేళ్లకే ఆవరణలో బతికున్న జంతువుల్ని పెట్టి జూ నడిపాడు. అది పెరిగి ఊళ్లోనే ఇంకోచోటికి పోయి, చివరికి 1985లో వండలూరు చేరింది. చచ్చినదాన్ని చూడ్డానికి జనం రారనే భయం అప్పటిదే. బాల్ఫోర్ జంతువుల్ని తెచ్చాడు, మనం మోటార్లు తెస్తున్నాం. ఆ జంతువుతో ఒకే ఊళ్లో బతికిన మనిషి సందర్శకుల్లోనే ఉందని మాత్రం ఎవరికీ తట్టడం లేదు.

తట్టినచోట ఏం జరిగిందో మా కడప జిల్లాలోనే రుజువుంది. కలివికోడి అనే పిట్ట 1900లో అనంతపురం వైపు పెన్నా లోయలో కనిపించింది. ఆ తర్వాత జాడ లేదు. పోయినట్టే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మలు పట్టుకుని ఊళ్లు తిరిగి, ‘దీన్ని చూశారా’ అని అడిగారు. 1986లో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వేసి పట్టుకొచ్చాడు. శాస్త్రజ్ఞులు పోయిందనుకున్న పిట్ట అతని లెక్కలో ఎప్పుడూ పోలేదన్నమాట.

అలాగని పాత అరలను తక్కువ చేయను. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు కలివికోడిదేనని 2013లో తేలింది. దాన్ని 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన పశువైద్యుడు సేకరించాడు. ఇంగ్లండులో ఎప్పుడో దాచిన కలివికోడి చర్మం ఉండబట్టే డీఎన్‌ఏ పోల్చి చూడగలిగారు. దుమ్ముపట్టిన అరకి ఇంతకన్నా గొప్ప సమర్థన నాకు దొరకలేదు.

మావాడికి ఇదంతా చెబుతుంటే మా అమ్మ అడ్డొచ్చి, ‘కాలువను ఆపిన కోడే కదా’ అంది. మా వైపు దానికి అదే గుర్తింపు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దగ్గర కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చింది. గొడవ జరిగి, పనులాగి, కాలువ దారి మార్చుకుంది. ఆ తెలుగుగంగ నీళ్లు ఎవరికోసం? రాయలసీమ పొలాలకి, చెన్నై దాహానికి. ఎన్టీఆర్, ఎమ్జీఆర్ 1983లో చేసుకున్న ఒప్పందం అది. కృష్ణా నీళ్లు పూండి రిజర్వాయరుకి చేరితే మా అపార్టుమెంటులో ట్యాంకర్ టెన్షన్ తగ్గుతుంది.

ఒక పిట్టకూ మన కుళాయికీ మధ్య ఇంత దగ్గరి లంకె ఉంటే, దాన్ని చెప్పడానికి చెన్నైని మించిన చోటేది? పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. గ్యాలరీలో ఒక మ్యాపు, దాని పక్కన ఒక లావుపాటి నోటుబుక్కు, తాడుకి కట్టిన పెన్ను చాలు. ‘దీన్ని మీ ఊళ్లో ఏమంటారు, చివరిసారి ఎప్పుడు చూశారు’ అని అడగాలి. అలుగు, దేవాంగపిల్లి, బట్టమేక పిట్ట, దుమ్ములగొండి: ఈ పేర్లు తెలిసినవాళ్లు బయట నీడలో వాటర్ బాటిల్ పట్టుకుని కూర్చునున్నారు. రాసినవాటిలో సగం తప్పులుండొచ్చు. బొంబాయి వాళ్లు ఊళ్లు తిరిగినప్పుడు వినిపించిన కబుర్లన్నీ నిజాలై ఉంటాయా?

ఆ రాత్రి మావాడు ఫోన్‌లో కలివికోడి అరుపు వెతికి పట్టుకున్నాడు. ‘జేజీ, ఇది విన్నావా ఎప్పుడైనా?’ అంటూ ఆమె చెవి దగ్గర పెట్టాడు. మా అమ్మ కళ్లు మూసుకుని రెండుసార్లు వింది. ‘లేదు నాయనా. మా చేను పక్కన తీతువులే అరిచేవి’ అంది. వాడి మొహం వాడిపోయింది. వెంటనే తీతువు అంటే ఏంటని అడిగాడు.